రాజు రూపం – 9: బొమ్మ వైపు

1906లో నాసిక్ దగ్గర జోగల్‌తెంభీ అనే ఊళ్లో వెండి నాణేల నిధి ఒకటి బయటపడింది. లెక్కపెడితే 13,000 దాటాయి. అన్నీ క్షహరాట వంశానికి చెందిన నహపాణుడు వేయించినవే. చిటికెన వేలి గోరుకంటే కాస్త పెద్దవి, పల్చటివి. ఒక వైపు కుడికి తిరిగిన మనిషి తల, చుట్టూ గ్రీకు లిపిలో రాజు పేరు. రెండో వైపు బాణం, వజ్రాయుధం, బ్రాహ్మిలోనూ ఖరోష్ఠిలోనూ మళ్లీ అదే పేరు. వాటిలో 9,000కు పైగా నాణేల మీద మాత్రం రెండో దెబ్బ పడి ఉంది. నహపాణుడి చెంప మీద వంపుల కొండ గుర్తు దిగబడింది. వెనక బాణం మీద నాలుగు వలయాల ఉజ్జయిని గుర్తు కూర్చుంది. వాటితోపాటు కొత్త పేరు: శాతవాహన రాజు గౌతమీపుత్ర శాతకర్ణి.

దెబ్బ సరిగ్గా పడని నాణేన్ని వెలుగులో అటూ ఇటూ తిప్పి చూస్తే కొండ వంపుల సందులోంచి పాత రాజు ముఖం ముక్క కనిపిస్తుంది. అంచున గ్రీకు అక్షరం ఒకటో రెండో మిగిలి ఉంటాయి. వెండి అదే. ఎవరి మాట మీద ఆ వెండి చెల్లాలి అన్నదొక్కటే మారింది. ఒక రాజ్యం పోయి ఇంకో రాజ్యం వచ్చిన సంగతిని రెండు వేళ్ల మధ్య పట్టుకుని చూడగలిగే సాక్ష్యం మన దేశంలో చాలా అరుదు.

గత సంచికల్లో రాతి విగ్రహాల్లో, గోడ చిత్రాల్లో రాజులు తమను తాము ఎలా చూపించుకున్నారో చెప్పుకున్నాం. వాటిని చూడాలంటే గుడికో కోటకో వెళ్లాలి. దర్బారు చిత్రం దర్బారులో ఉన్నవాళ్లకే. నాణెం అలా కాదు, జనం దగ్గరికి అదే వస్తుంది. ధాన్యం అమ్ముకున్న రైతు కొంగులోకి, కూలి తీసుకున్న మనిషి చేతిలోకి, గుడి హుండీలోకి, పొరుగు దేశపు ఓడలోకి వెళ్తుంది. రాజును కళ్లారా చూడని కోట్ల మందికి రాజంటే ఆ వేలెడంత లోహం మీద కనిపించినదే. అందుకే దాని మీద ఏం ముద్రించాలి అన్న ప్రశ్న ఏ కాలంలోనూ చిన్న ప్రశ్న కాలేదు.

మొదట్లో ముఖాలు లేవు. లిడియా నాణేల మీద సింహం తల ఉండేది. పారశీక చక్రవర్తుల బంగారు నాణెం మీద విల్లు పట్టుకుని పరుగెత్తే కిరీటధారి ఉండేవాడు. అతను డరయసా, క్సెర్‌క్సీసా అని అడగడానికి లేదు. ఎవరు గద్దె మీదున్నా అదే బొమ్మ. గ్రీకు రాజకీయాల్లో లంచాలుగా ఆ నాణేలు ఎంతగా పారాయంటే, ఆసియా నుంచి తనను వెనక్కి మళ్లించింది పారశీక రాజు విలుకాళ్లేనని స్పార్టా రాజు అజెసిలాస్ అన్నట్టు ప్లూటార్క్ రాశాడు.

అలెగ్జాండర్ అంతటివాడు కూడా తన చెలామణీ వెండి నాణేల మీద సింహచర్మం కప్పుకున్న హెరాక్లీస్ తలనే వేయించాడు. అతని సొంత ముఖం నాణేల మీద విరివిగా కనిపించడం అతను చనిపోయాకే మొదలైంది. ఆ పని చేసింది అతని రాజ్యాన్ని పంచుకున్న సేనానులు. ఈజిప్టు దక్కించుకున్న టాలమీ, ఏనుగు తల చర్మాన్ని శిరస్త్రాణంలా ధరించిన అలెగ్జాండర్‌ను ముద్రించాడు. ఏనుగు అంటే భారతదేశపు దండయాత్రకు గుర్తు. థ్రేస్ పాలించిన లైసిమాకస్, అమ్మోన్ దేవుడి పొట్టేలు కొమ్ములు మొలిచిన అలెగ్జాండర్‌ను ముద్రించాడు. వీళ్లెవరూ రాజవంశీకులు కారు. నిన్నటిదాకా ఒక రాజు కింద పనిచేసినవాళ్లు. తమ పేరు చెబితే జనం నాణెం తీసుకుంటారన్న నమ్మకం వాళ్లకు లేదు. చనిపోయిన రాజు పేరు చెబితే తీసుకుంటారు. కొన్నేళ్లు గడిచి, కుర్చీ కుదురుకున్నాక, క్రీ.పూ. 305 తర్వాత టాలమీ తన ముఖమే వేయించుకున్నాడు. పెద్ద ముక్కు, ముందుకు పొడుచుకొచ్చిన గడ్డం, లోతైన కళ్లు. అందగాడేమీ కాదు. అయినా ఆ ముఖాన్ని అతని వారసులు తరతరాలు ముద్రిస్తూ పోయారు.

ఈ విషయంలో నా అభిప్రాయం ఇప్పుడే చెప్పేస్తాను. నాణెం మీది బొమ్మ అధికారం ఎవరి చేతిలో ఉందో చెప్పదు. ఎవరి పేరు చెబితే జనం నమ్ముతారని పాలకుడు అనుకున్నాడో చెబుతుంది. ఈ రెండూ ఒకటి కాకపోయిన సందర్భాలే చరిత్రలో ఎక్కువ. ఇక్కడి నుంచి చెప్పబోయే ప్రతి ఉదంతాన్నీ ఆ కంటితో చూడమని పాఠకులను కోరుతున్నాను.

రోము సంగతి చూద్దాం. అక్కడ బతికున్న మనిషి ముఖాన్ని నాణెం మీద వేయడం రాజరికపు వాసన కొట్టే పని. రాజులను తరిమేసిన గణతంత్రం అది. క్రీ.పూ. 44 తొలి నెలల్లో జూలియస్ సీజర్ ముఖం రోము నాణెం మీదికి ఎక్కింది. పక్కనే శాశ్వత నియంత అన్న బిరుదు. మార్చి 15న సెనేట్ సమావేశంలో అతన్ని పొడిచి చంపారు. చంపినవాళ్లలో ముఖ్యుడు బ్రూటస్. అతను రెండేళ్ల తర్వాత సైన్యానికి జీతాలివ్వడానికి వేయించిన వెండి నాణెం ప్రపంచంలోని ప్రసిద్ధ నాణేల్లో ఒకటి. వెనక వైపు రెండు బాకులు, వాటి మధ్య బానిసత్వం నుంచి విడుదలైనవాళ్లు పెట్టుకునే టోపీ, కింద ఆ హత్య జరిగిన తేదీ. ముందు వైపు బ్రూటస్ ముఖం. రాజు కాబోతున్నాడని ఒకణ్ని చంపినవాడు కూడా, యుద్ధానికి డబ్బు కావలసి వచ్చేసరికి ఆ రాజలక్షణాన్నే అరువు తెచ్చుకున్నాడు. గణతంత్రం అప్పటికే చచ్చిపోయిందనడానికి నాకు ఇంతకంటే గట్టి రుజువు అక్కర్లేదు.

సీజర్ దత్తపుత్రుడు ఆగస్టస్ ఈ విద్యలో అందరినీ మించిపోయాడు. 75 ఏళ్లు బతికిన ఆ మనిషి నాణేల మీద ఒక్కనాడూ ముసలివాడు కాలేదు. ఈ ముఖం మన తెలుగు నేలకూ వచ్చింది. నల్లగొండ జిల్లా అక్కెనపల్లిలో దొరికిన రోమన్ వెండి నాణేల కుప్పలో పదిహేను వందలకు పైగా ఉన్నాయి. ఆగస్టస్‌వి, అతని వారసుడు టైబీరియస్‌వి. మిరియాలకు, ముత్యాలకు, సన్నటి నూలు బట్టలకు బదులుగా వచ్చిన వెండి అది. దక్షిణ భారతంలో విరివిగా దొరికే ఆగస్టస్ నాణేల్లో ఒక రకం క్రీ.పూ. 2 నుంచి ముద్రించింది. ముందు వైపు నున్నటి చెంపలతో యువకుడి తల. అప్పటికి ఆగస్టస్‌కు అరవై ఏళ్లు. వెనక వైపు డాళ్లు, ఈటెలు పట్టుకుని నిలబడిన ఇద్దరు కుర్రాళ్లు. వాళ్లు అతని మనుమలు, అతను దత్తత తీసుకున్న వారసులు గైయస్, లూసియస్. ఆరేళ్లు తిరక్కుండానే ఇద్దరూ చనిపోయారు. ఆ తర్వాత కూడా చాలా కాలం ఆ నాణేలు మన రేవుల్లో దిగుతూనే ఉన్నాయి. రానున్న రాజులుగా రోము చూపించిన ఆ ఇద్దరూ లేరన్న సంగతి, ఆ వెండిని తూచి పుచ్చుకున్న మన వర్తకుడికి తెలిసి ఉండదు. తెలిసినా అతనికి ఒరిగేదీ పోయేదీ లేదు.

ఇక్కడ ఇంకో విచిత్రం ఉంది. 1898లో తమిళనాడు పుదుక్కోట్టైలో 501 రోమన్ బంగారు నాణేలు దొరికాయి. వాటిలో తొంభై శాతానికి పైగా నాణేల మీద చక్రవర్తి తలకు అడ్డంగా ఉలితో కొట్టిన గాటు ఉంది. అలాంటి గాట్ల నాణేలు దక్షిణాదిలో ఇంకొన్ని చోట్లా బయటపడ్డాయి. లోపల నిజంగా బంగారమేనా అని చూడటానికి కొట్టారని కొందరు, ఇక ఇది నాణెంగా చెల్లదు, వట్టి బంగారమే అని తెలపడానికి కొట్టారని కొందరు అంటారు. పరాయి రాజు ముఖం మన దగ్గర చెల్లకూడదన్న పట్టుదల అని ఇంకొందరి వాదన. ఏ వాదన తీసుకున్నా ఒకటి స్పష్టం. రోము సైనికుడు మొక్కిన ముఖం ఇక్కడి షరాబు చేతిలో తూకం వేయదగ్గ లోహంగానే మిగిలింది. సముద్రం దాటేసరికి చక్రవర్తి చక్రవర్తి కాడు.

మళ్లీ నహపాణుడి దగ్గరికి వద్దాం. అతను శకుడు. శకులు పశ్చిమ భారతానికి బయట నుంచి వచ్చినవాళ్లు. వాయవ్యాన గ్రీకు రాజులు, వాళ్ల వెనక శక, పహ్లవ రాజులు నడిపిన ముఖం ముద్రించే అలవాటును నహపాణుడు పశ్చిమ తీరపు మార్కెట్లకు తెచ్చాడు. మూడు లిపులు వాడటంలోనే అతని లెక్క తెలుస్తుంది. రేవు వర్తకులకు గ్రీకు, ఉత్తరాది నుంచి వచ్చినవాళ్లకు ఖరోష్ఠి, స్థానికులకు బ్రాహ్మి. అదే నిధిలోని ముఖాలు ఒకదానితో ఒకటి పోలకపోవడం పరిశోధకులను మొదటి నుంచీ ఇబ్బంది పెట్టింది. కొన్నింటిలో యువకుడు, కొన్నింటిలో బుగ్గలు పీక్కుపోయిన వృద్ధుడు. ముక్కులు కూడా వేరువేరు. అచ్చు చెక్కిన కంసాలి రాజును చూసి చెక్కాడని నేను నమ్మను. రాజు ముఖం ఒకటి ఉండాలన్నదే ముఖ్యం. ఎలా ఉండాలన్నది తర్వాతి సంగతి.

అలాంటి ముఖాన్ని గౌతమీపుత్రుడు చెరిపేశాడు. కరిగించి కొత్తగా పోయించవచ్చు కదా? పదివేల నాణేలు కరిగించి, బిళ్లలు కోసి, తూచి, మళ్లీ ముద్రించడం చాలా రోజుల పని. వేడి చేసి కొత్త అచ్చుల మధ్య ఒక్క దెబ్బ వేస్తే పూటలో పని అయిపోతుంది. కారణం అంతవరకే కావచ్చు. ఫలితం మాత్రం అంతకు మించినది. సంతలో ఆ నాణెం తీసుకున్న ప్రతి మనిషీ ఒక రాజు ముఖం మీద ఇంకో రాజు గుర్తు నిలబడి ఉండటాన్ని చూశాడు. కరిగిస్తే ఆ దృశ్యం దక్కేది కాదు.

గౌతమీపుత్రుడు అక్కడ తన ముఖం పెట్టలేదు, గుర్తు పెట్టాడు. అతని రూపాన్ని మనకు చెప్పింది అతని తల్లి గౌతమీ బాలశ్రీ. మనుమడు పులుమావి ఏలుబడి 19వ ఏట నాసిక్ గుహలో ఆమె చెక్కించిన శాసనం కొడుకు చనిపోయాక వేయించినది. క్షహరాట వంశాన్ని నిర్మూలించినవాడని, శక యవన పహ్లవులను అణచినవాడని, అతని గుర్రాలు మూడు సముద్రాల నీళ్లు తాగాయని అందులో ఉంది. నిండు చంద్రుడి లాంటి ముఖం, ఏనుగు లాంటి నడక, పాము చుట్టల్లా బలిసిన బాహువులు కూడా వర్ణించింది. తల్లి ఆజ్ఞకు ఎదురు చెప్పనివాడని కూడా చెప్పింది. రాజ ప్రశస్తులు చాలానే చదివాను గానీ, ఈ శాసనంలో కొడుకును పోగొట్టుకున్న తల్లి గొంతు వినిపించినట్టు మరెక్కడా వినిపించదు. రాజు మనవాళ్లకు రూపంగా మిగలాల్సింది మాటలో అని, ముద్రలో కాదని అప్పటి ఆలోచన కాబోలు.

ఆ ఆలోచన ఎక్కువ కాలం నిలవలేదు. పశ్చిమ తీరపు వ్యాపారం కోసం శాతవాహనులు కూడా వెండిలో ముఖాలు ముద్రించారు. పులుమావి, యజ్ఞశ్రీ శాతకర్ణి వెండి నాణేల మీద రాజుల తలలు కనిపిస్తాయి. ఒకవైపు ప్రాకృతం, రెండో వైపు ద్రావిడ భాష. 1882లో ముంబై దగ్గర సోపారా స్తూపం తవ్వినప్పుడు యజ్ఞశ్రీ వెండి నాణెం ఒకటి దొరికింది. ఓడిన శత్రువు అలవాటునే గెలిచినవాడి వారసులు అందుకున్నారు. ఎందుకంటే ఆ మార్కెట్లో జనం ముఖమున్న వెండికే అలవాటు పడ్డారు. తూర్పున మనవైపు మాత్రం సీసం, రాగి నాణేలు ఏనుగు, సింహం, గుర్రం, ఓడ లాంటి గుర్తులతోనే నడిచాయి. గోదావరి ఒడ్డున కోటిలింగాలలో దొరికిన గోబద, నారన, కంవాయసిరి, సమగోప నాణేల మీద పేర్లు, గుర్తులే తప్ప ఒక్క ముఖమూ లేదు. ఆ రాజులు ఉన్నారని చెప్పడానికి ఆ చిల్లర తప్ప మనకు ఇంకేమీ మిగల్లేదు.

గుప్తుల బంగారం గురించి రాయడం మొదలుపెడితే ఈ సంచిక చాలదు. సముద్రగుప్తుడు మంచం మీద కూర్చుని వీణ వాయిస్తున్న నాణెం, రెండో చంద్రగుప్తుడు సింహాన్ని వేటాడుతున్న నాణెం పాఠ్యపుస్తకాల్లో అందరూ చూసినవే. అవి రాజు ముఖాన్ని కాక రాజు చేసే పనిని చూపించాయి. ఆ ఒక్క మాట గుర్తుపెట్టుకుని ముందుకు వెళ్దాం.

క్రీ.శ. 690ల దశాబ్దం ఈ చరిత్రలో అన్నిటికంటే ఆసక్తికరమైనదని నా నమ్మకం. కాన్‌స్టాంటినోపుల్లో బైజాంటియం చక్రవర్తి రెండో జస్టీనియన్, డమాస్కస్‌లో ఖలీఫా అబ్ద్ అల్ మలిక్, ఇద్దరూ 685లోనే గద్దెకెక్కారు. అప్పటివరకు రోము చక్రవర్తుల బంగారు నాణెం మీద ముందు వైపు చక్రవర్తిదే. జస్టీనియన్ దాన్ని మార్చేశాడు. ముందు వైపు క్రీస్తు ముఖం పెట్టి, తాను వెనక వైపుకు జరిగి, శిలువ పట్టుకుని నిలబడి, క్రీస్తు దాసుడినని రాయించుకున్నాడు. దాసుడినని చెప్పుకోవడంలో వినయం ఎంతో గానీ, క్రీస్తుకు నేరుగా ప్రతినిధిని అన్న దావా అందులో పెద్దది.

అటు అరబ్బుల రాజ్యంలో అప్పటికి సొంత బంగారు నాణెం లేదు. బైజాంటియం నాణేలనే వాడేవారు, వాటినే అనుకరించేవారు. శిలువ ఉన్నచోట మెట్ల మీద ఒక స్తంభం నిలబెట్టారు. తర్వాత అబ్ద్ అల్ మలిక్ తన రూపమే వేయించాడు. పొడుగాటి జుట్టు, గడ్డం, కాళ్లదాకా అంగీ, కత్తి పిడి మీద చెయ్యి. ఆ నాణెం నడిచింది మూడు నాలుగేళ్లే. హిజ్రీ 77లో, అంటే 696–97లో, ఖలీఫా నాణెం మీద నుంచి అన్ని బొమ్మలనూ తీసేశాడు. స్తంభం లేదు, కత్తి లేదు, తన పేరు కూడా లేదు. మిగిలింది దేవుడి ఏకత్వాన్ని చెప్పే వాక్యాలు, ముద్రించిన సంవత్సరం. కొత్త మతం, కొత్త రాజ్యం, అందులో రకరకాల జాతులు. అలాంటి చోట ఏ మనిషి ముఖమూ అందరినీ ఒప్పించలేదని, లిపి ఒప్పిస్తుందని ఆయన గ్రహించాడు. ఆ నిర్ణయం స్పెయిన్ నుంచి సింధు దాకా, ఆ తర్వాత మన ఢిల్లీ, బీదర్, గోలకొండల దాకా శతాబ్దాల పాటు నాణేల రూపాన్ని శాసించింది. రాజకీయ నిర్ణయంగా చూస్తే అంతకాలం నిలిచినవి చరిత్రలో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

జస్టీనియన్‌ను 695లో దించేసి ముక్కు కోశారు. అంగవైకల్యం ఉన్నవాడు చక్రవర్తి కాకూడదన్నది అక్కడి కట్టుబాటు. పదేళ్ల తర్వాత అతను సైన్యంతో వచ్చి గద్దె మళ్లీ దక్కించుకున్నాడు. ఆ తర్వాతి నాణేల మీద అతని ముక్కు నిక్షేపంగా ఉంది.

బొమ్మలు వద్దన్న సంప్రదాయంలోంచి వచ్చినవాళ్లు కూడా ఇక్కడి జనాన్ని చూసి సర్దుకున్నారు. ఘోరీ మహమ్మద్ 12వ శతాబ్దం చివర గంగా మైదానాన్ని గెలిచాక వేయించిన బంగారు నాణెం మీద ఒకవైపు కూర్చున్న లక్ష్మి, రెండో వైపు నాగరి లిపిలో అతని పేరు. అంతకుముందు అక్కడ పాలించిన గాహడవాలుల నాణెం ఎలా ఉండేదో అలాగే. అక్కడి వర్తకుడు లక్ష్మి ఉన్న బంగారాన్నే బంగారం అనుకునేవాడు. కత్తితో గెలిచిన నేల మీద కూడా నాణెం చెల్లాలంటే ఆ నేల నమ్మకానికి తలవంచాల్సిందే.

విజయనగర రాజులు ఆ నమ్మకాన్ని సొంతం చేసుకుని పెరిగినవాళ్లు. శ్రీకృష్ణదేవరాయలి వరహా మీద కనిపించేది బాలకృష్ణుడు, వెనక నాగరిలో రాయల పేరు. రాయలి రూపం చూడాలంటే తిరుమల గుడి లోపలికి వెళ్లాలి. అక్కడ ఇద్దరు దేవేరులతో, చేతులు జోడించి నిలబడిన లోహ విగ్రహం ఉంది. తూర్పు తీరాన్ని ఒరిస్సా దాకా గెలిచిన రాజు తన రూపాన్ని భక్తుడిగా గుడిలో నిలిపి, చెలామణీకి దేవుణ్ని పంపాడు.

మొగలుల దగ్గర ఖుత్బా, సిక్కా అనే రెండూ రాజు హక్కులు. శుక్రవారం ప్రార్థనలో పేరు చదవాలి, నాణెం మీద పేరు ఉండాలి. జహంగీర్ ఇంకొంచెం ముందుకెళ్లి తన ముఖాన్నీ, చేతిలో మధుపాత్రనూ బంగారు మొహరీల మీద వేయించాడు. అవి దర్బారులో దగ్గరివాళ్లకు ఇచ్చినవి, సంతలో తిరిగినవి కావు. 1618లో నెలల పేర్ల బదులు మేషం, వృషభం లాంటి రాశుల బొమ్మలు వేయించాడు. ఆ రాజ్యంలో అంతకంటే పెద్ద సంగతి నూర్జహాన్ పేరుతో నాణేలు రావడం. తెర వెనక ఎవరు పాలిస్తున్నారో మొగలు నాణెం ఒప్పుకున్న సందర్భం అదొక్కటే.

దీనికి పూర్తిగా ఎదురు కథ ఈస్టిండియా కంపెనీది. బెంగాల్లో దివానీ చేతికొచ్చాక కూడా కంపెనీ తన పేరు రూపాయి మీద వేసుకోలేదు. మొగలు పాదుషా షా ఆలం పేరు, అతని పాలన 19వ సంవత్సరం, ఈ రెండూ అచ్చులో గడ్డకట్టిపోయాయి. 1788లో రోహిల్లా నాయకుడు గులాం ఖాదిర్ ఆ చక్రవర్తి కళ్లు పొడిపించాడు. 1803 నుంచి ఆయన కంపెనీ ఇచ్చే భత్యం మీద బతికాడు. 1806లో చనిపోయాడు. కంపెనీ టంకశాలలో 19వ సంవత్సరం మాత్రం గడవలేదు. మన కోస్తా జిల్లాలు మద్రాసు కింద ఉండేవి. మద్రాసు టంకశాల వేసిన ఆర్కాటు రూపాయి మీద రెండో ఆలంగీర్ పేరు ఉండేది. ఆ చక్రవర్తి 1759లోనే హత్యకు గురయ్యాడు. ఆ తర్వాత దశాబ్దాల పాటు మచిలీపట్నం, రాజమండ్రి రైతులు ఆయన పేరున్న రూపాయలతో కంపెనీకి శిస్తు కట్టారు.

మద్రాసు టంకశాల అంతటితో ఆగలేదు. 1808 నుంచి యంత్రాలతో ముద్రించిన పగోడా నాణేల మీద ఒకవైపు నక్షత్రాల మధ్య గోపురం, రెండో వైపు విష్ణుమూర్తి. వాటిలో వెండి అర్ధ పగోడా మీద దాని విలువను ఇంగ్లిషు, పారశీకం, తమిళంతో పాటు తెలుగులోనూ రాశారు. దేశాన్ని ఆక్రమిస్తున్న వ్యాపార సంస్థ ఒక చోట అంధుడైన పాదుషా పేరు, ఒక చోట హతుడైన పాదుషా పేరు, ఇంకో చోట విష్ణువు రూపం వాడుకుంది. ఎంత బలముందో అంత కనపడకుండా ఉండటం దాని పద్ధతి. అధికారాన్ని చూపించుకోవడం గురించి రాసేవాళ్లు అధికారాన్ని దాచుకోవడం గురించి కూడా రాయాలి. మన దేశాన్ని ఎక్కువ దెబ్బతీసింది ఆ దాచుకున్న అధికారమే.

ఇక దాచాల్సిన పని లేదనుకున్నాక, 1835లో దేశమంతటికీ ఒకే రూపాయి తెచ్చి నాలుగో విలియం ముఖం వేశారు. 1840లో విక్టోరియా వచ్చింది. మీ ఇంట్లో పాత పెట్టెల్లో విక్టోరియా రూపాయి ఉంటే తీసి చూడండి. చాలావాటి మీద 1862కు చెందిన బొమ్మే ఉంటుంది. తల మీద కిరీటం, మెడలో హారం, పూలపని చేసిన రవిక. ఇంగ్లండులో చెల్లే నాణేల మీద ఆమె వయసు పెరిగింది. 1887లో ఒకసారి, 1893లో ఇంకోసారి ముఖం మార్చారు, చివరికి ముసుగు వేసుకున్న వితంతువుగా చూపించారు. మన రూపాయి మీద మాత్రం 1901లో ఎనభై ఒక్కేళ్ల వయసులో చనిపోయేదాకా ఆమె అదే పడుచు ముఖంతో ఉంది. 1877 నుంచి రాణి అన్నచోట చక్రవర్తిని అన్న మాట చేరింది, అంతే. ఈ దేశంలో ఒక్కసారి కూడా అడుగు పెట్టని మనిషి. ఆమె ముఖం మన తల్లుల కాసుల్లో, బంజారా ఆడవాళ్ల రూపాయల దండల్లో చేరిపోయింది. ఆ దండ వేసుకున్నవాళ్లకు ఆమె సామ్రాజ్ఞి కాదు, నికార్సయిన వెండి.

ముఖం పక్కన ఉన్న చిన్న బొమ్మ కూడా రాజ్యాన్ని చిక్కుల్లో పెట్టగలదని 1911లో తేలింది. అయిదో జార్జి రూపాయి మీద రాజు అంగీ పైన ఒక బిరుదు హారం, దానికి వేలాడే ఏనుగు బొమ్మ ఉన్నాయి. తొండం పొట్టిగా పడటంతో అది పందిలా కనిపించింది. రూపాయి చేతిలోకి వచ్చినవాళ్లు గుర్తుపట్టారు. ముస్లింల నుంచి తీవ్ర అభ్యంతరం వచ్చింది. నాణెం చెలామణీని ఆపి, చాలావరకు కరిగించి, 1912లో తొండం పొడుగు చేసి, ఏనుగు ఏనుగులా కనిపించే కొత్త అచ్చు తెచ్చారు. 1857లో తూటా కొవ్వు నేర్పిన పాఠం దొరలు మరిచిపోలేదు. జనం రూపాయి బొమ్మను ఎంత దగ్గరగా చూస్తారో ప్రభుత్వానికి ఇంతకంటే బాగా తెలిసిన సందర్భం లేదు.

హైదరాబాదు సంస్థానం సంగతి వేరు. 1857 దాకా నిజాములు మొగలు పాదుషా పేరుతోనే సిక్కా వేశారు. తర్వాత పాదుషా లేడు. ఆసఫ్‌జా పేరు వచ్చింది. రాజు ముఖం మాత్రం రాలేదు. మహబూబ్ అలీ ఖాన్ కాలంలో, 20వ శతాబ్దం మొదట్లో చార్మినార్ వచ్చింది. ద్వారంలో ఒకే ఒక అక్షరం. మహబూబ్ పేరుకు మీమ్, ఉస్మాన్ అలీ ఖాన్ పేరుకు ఐన్. నిజాం ఫోటోలు ఊరంతా ఉన్నాయి, ముఖం తెలియనివాళ్లు లేరు. అయినా సంస్థానపు నాణెం హాలీ సిక్కా మీద ఊరే కనిపించింది, రాజు ఒక అక్షరంగా గుమ్మంలో నిలబడ్డాడు. నేను చూసిన నాణేల్లో ఇంత నిగ్రహం చూపిన రూపకల్పన ఇంకోటి లేదు. బ్రిటిష్ ఇండియా రూపాయితో పాటు తన సొంత రూపాయినీ నడిపించగలిగిన సంస్థానం అది. ఆ బలం ముఖంతో కాకుండా కట్టడంతో చెప్పింది.

స్వాతంత్ర్యం వచ్చాక కూడా మూడేళ్లు మన నాణేల మీద ఆరో జార్జి తలే ఉంది. 1950 ఆగస్టు 15న కొత్త నాణేలు వచ్చాయి. రాజు స్థానంలో సారనాథ్ సింహాలు, రూపాయి వెనక ధాన్యపు కంకులు. నోట్ల కోసం గాంధీ బొమ్మతో నమూనాలు తయారయ్యాయి, చివరికి ఏకాభిప్రాయం సింహ శిఖరం వైపే మొగ్గింది. గాంధీ నోటు మీదికి రావడానికి 1969 శతజయంతి దాకా, అన్ని నోట్ల మీదికీ రావడానికి 1996 దాకా పట్టింది. బతికున్న పాలకుడెవరి ముఖాన్నీ గణతంత్ర భారతం తన చెలామణీ నాణేల మీద ముద్రించలేదు. క్రీ.పూ. 44లో రోము నిలబెట్టుకోలేకపోయిన కట్టుబాటు ఇది. దీన్ని కాపాడుకోవడం మన బాధ్యత అని గట్టిగా నమ్ముతున్నాను.

పాఠకులకు ఒక విన్నపం. ఈ కథంతా మనకు తెలిసింది భూమిలోంచి తవ్వి తీసిన నాణేలు కరిగిపోకుండా ఎవరో ఆపడం వల్లే. కోటిలింగాల రాజుల పేర్లు పొలాల్లో, ఏటి ఒడ్డున దొరికిన చిల్లర లేకుంటే ఎప్పటికీ తెలిసేవి కావు. పునాది తవ్వేటప్పుడో, చెరువు పూడిక తీసేటప్పుడో నాణేల కుండ కనిపిస్తే కంసాలి కొలిమికి ఇవ్వకండి, తోమి మెరుగు పెట్టకండి. తుడిచేస్తే అక్షరాలు పోతాయి, విడదీసి పంచుకుంటే ఏ నాణెం దేనితో కలిసి దొరికిందన్న సాక్ష్యం పోతుంది. 1878 నాటి నిధి చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. దాని ప్రకారం కలెక్టరుకు తెలియజేయాలి. దొరికినవాళ్లకు చట్టబద్ధమైన వాటా హక్కులు కూడా అందులోనే ఉన్నాయి. కలెక్టరుకు ఒక కాగితం రాసి ఇవ్వండి.